పసుపు కలిపిన బియ్యం

ఆ వాన మొదలైన రోజు మా ఊళ్ళో అందరం సంతోషించాం. ఆ సంగతి దాచుకోవడం నాకిష్టం లేదు, అందుకే ముందు రాస్తున్నాను.

పూతలపట్టుకు రెండు మైళ్ళ దూరంలో మాది మెట్ట పల్లె. రెండేళ్ళుగా చెరువులో గొర్రెలు మేస్తున్నాయి. యుద్ధం అయిపోయినా బియ్యం మీద కంట్రోలు పోలేదు. వరి అన్నం వండేది పండగలకే, తక్కిన రోజుల్లో సంగటి, అంబలి. అట్లాంటి ఊరికి కార్తీకమాసంలో తూర్పు నుంచి గాలి లేచి మూడు రోజులు విడవకుండా వాన పట్టుకుంది. ఇంట్లో ఉన్న కుండలు, తపేలాలు, చివరికి పిండి కలిపే బేసిని కూడా చూరు కింద పెట్టాను. వాననీళ్ళలో పప్పు మెత్తగా ఉడుకుతుంది. ఒక్క చుక్క వృథాగా పోవడం నాకు గిట్టదు. మా ఇంటాయన వాకిట్లో తడుస్తూ నిలబడి, "ఇన్నాళ్ళకు దేవుడికి మన ఊరి దోవ తెలిసింది సూడు," అని నవ్వాడు.

నాలుగో రోజు వాన తెరిపి ఇచ్చింది. పాకాల నుంచి వచ్చిన బండివాడు మా అరుగు మీద కూర్చుని చెప్పాడు.

"ఈ గాలి తోక తగిలింది మనకు. తలకాయంతా గూడూరు తట్టు కొట్టింది. కాళహస్తికి అవతల రైలు లేదు. సముద్రం లేసి పల్లెల మీదికొచ్చిందంట."

నేను లోపలికి పోయి చూరు కింద నిండిన కుండల్ని చూశాను. తన్ని పారబోయాలనిపించింది. పారబోయలేదు. ఆ పూట వంట కూడా ఆ నీళ్ళతోనే చేశాను.

నా చెల్లెలు ఉండేది ఆ తట్టే. గూడూరుకు తూర్పున, సముద్రపు పాయ పక్కన ఒక పల్లె. దాన్ని అక్కడికి ఇప్పించింది నేనే.

మా అమ్మ పోయేటప్పటికి నాకు పదేళ్ళు, దానికి మూడు. దాన్ని ఒక పక్క, కడవను ఒక పక్క ఎత్తుకుని ఎండాకాలంలో అరమైలు నడిచి నీళ్ళు తెచ్చేదాన్ని. నా నడుము అప్పుడే ఒక వైపుకు ఒరిగిపోయిందని మా వాళ్ళు అంటారు. దానికి పెళ్ళీడు వచ్చినప్పుడు రెండు సంబంధాలు వచ్చాయి. ఒకటి మా పక్క ఊరిదే. రెండోది గూడూరు అవతలిది.

"దూరమమ్మా," అన్నాడు నాయన. "బిడ్డను సూడాలంటే రెండు దినాలు పోవాల."

"దూరమైతే ఏమి నాయనా. ఆడ ఇంటెనకనే కాలవ పారతాదంట. మూడు పూటలా వరన్నం. ఇది మళ్ళా కడవెత్తుకోని నడిచే పని లేదు."

చెల్లెలు తలుపు చాటు నుంచి, "అక్కా, ఆడ సంగటి చేస్తారా?" అని అడిగింది.

"నీళ్ళుండే ఊళ్ళో సంగటి ఎవరు తింటారే. నోరు మూసుకోని పో," అన్నాను.

అట్లా నీళ్ళున్న ఊరని వెదికి ఇచ్చాను.

పెళ్ళయిన నాలుగేళ్ళలో అది రెండుసార్లు వచ్చింది. మిగతాదంతా కార్డు ముక్కలే. నేను వీధిబడిలో మూడేళ్ళు చదివాను కాబట్టి పెద్ద పెద్ద అక్షరాలతో ఒక కార్డుకు నాలుగు మాటలు రాయగలను. చెల్లెలికి ఆ మాత్రం కూడా రాదు. దాని మొగుడు చదివి వినిపించి, బదులు రాసేవాడు. మంచివాడు. క్షేమ సమాచారాలన్నీ అయ్యాక అడుగున ఒక వరుస చెల్లెలి మాటలు ఉన్నవి ఉన్నట్టుగా రాసేవాడు. "మీ నడుమునొప్పి ఎట్ల ఉండాదని అడగతా ఉండాది." "ఎవరైనా ఇట్లా వస్తే రాగిపిండి పంపాలంట." ఆ ఒక్క వరుస కోసం నేను కార్డంతా చదివేదాన్ని.

గాలివాన తరువాత పది రోజులు పూతలపట్టు టపా ఆఫీసుకు నడిచాను. "దోవలు తెగిపోయినాయి కదమ్మా, టపా యాడ నుంచి వస్తాది," అన్నాడు పోస్టుమాస్టరు. నేనూ అట్లాగే అనుకున్నాను. ఆ ఇంట్లో రాయగలిగేవాడు ఒక్కడే కదా అన్న సంగతి నాకు తట్టలేదు.

పదకొండో రోజు బియ్యం కాగు దించాను. బావి కింద పిడికెడు మడిలో పండిన వడ్లు అవి. ఇంట్లో పిల్లలు ఏడ్చినా తీయకుండా దాచిన బియ్యం.

"ఆ కాగు మీద చెయ్యేస్తే చెయ్యి కొరికేదానివి," అన్నాడు మా ఇంటాయన. "ఇప్పుడు నువ్వే దించతా ఉండావా?"

"నోరు మూసుకోని ఆ మూట కట్టండి," అన్నాను. ఆయన కట్టాడు. రెండు మూటలయ్యాయి. చెల్లెలికని వేరే సంచిలో రాగిపిండి పోశాను. చింతపండు, ఎండుమిరపకాయలు, అగ్గిపెట్టెలు ఒక మూట. పిల్లల్ని మా అత్తకు అప్పగించి, నాయనను తోడు తీసుకుని పాకాలలో రైలెక్కాను.

రైలు కాళహస్తి దాకా పోయింది. అక్కడి నుంచి కట్ట తెగిపోయిందని దించేశారు. సత్రంలో మూడు రోజులు పడి ఉన్నాం. సువర్ణముఖి ఎర్రగా, గట్లు ఒరుసుకుని పారుతూ ఉంది. మా దేశంలో ఏరు అంటే ఇసుక. ఇసుకలో చెలమ తవ్వుకుని గిన్నెతో ముంచుకుంటాం. అన్ని నీళ్ళు చూసేసరికి గట్టు నుంచి వెనక్కి జరిగాను.

ఆ సత్రంలో ఒక ముసలామె ఉండేది. వెంకటగిరి పోవలసిన మనిషి. మా మూటల్ని చేత్తో నొక్కి చూసి, "బియ్యమా?" అంది. "గూడూరులో రైలు దిగినాక కంట్రోలోళ్ళు పట్టుకుంటారు. జిల్లా దాటించిన బియ్యం ఒక్క గింజ పోనియ్యరు."

నేను ఆ రోజంతా ఆలోచించాను. అమ్ముకోవడానికి పనికిరాని బియ్యమైతే ఎవడు పట్టుకుంటాడు? పుట్టింటివాళ్ళు ఆడబిడ్డ ఒడిలో పోసే బియ్యం ఉంటాయి కదా, పసుపు కలిపి. వాటిని ఎవరూ అమ్మరు, కొనరు. బజారుకు పోయి పసుపు కొన్నాను, కాస్త నూనె కొన్నాను. సత్రం వసారాలో నా రెండో చీర పరిచి, రెండు మూటల బియ్యమూ కుమ్మరించి పసుపు కలిపాను. మోచేతుల దాకా పచ్చగా అయ్యాయి.

నాయన మెచ్చుకున్నాడు. "నీ బుర్ర పట్నంలో పుట్టాల్సింది," అన్నాడు.

ముసలామె మాత్రం గోడకు ఆనుకుని చూస్తూ ఉండి, "ఆ పిల్ల మొగుడు బాగుండాడని కబురొచ్చిందా మీకు?" అని అడిగింది.

"ఏ కబురూ రాలేదు," అన్నాను.

"అయితే పసుపు కలపకుండా ఉంటే బాగుండు."

నాకు కోపం వచ్చింది. "మంచిమాట అనవ్వా, లేకుంటే ఊరకుండు," అన్నాను.

నాలుగో రోజు రైలు వదిలారు. గూడూరులో నిజంగానే ఆపారు. ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి మూట విప్పమన్నాడు.

"ఏముండాదమ్మా దీంట్లో?"

"ఒడిబియ్యం."

"ఒడిబియ్యం అంటే అయిదు శేర్లు. రెండు మూటలు యాడైనా ఉంటాయా?" పైన ఒక పొర పసుపు చల్లి అడుగున తెల్లబియ్యం దాచానేమోనని మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. చెయ్యి పచ్చగా వచ్చింది. "ఎంతమంది ఆడబిడ్డలమ్మా నీకు?"

"ఒక్కతే చెల్లెలు. ఒడి పెద్దది."

పక్కన నిలబడిన కూలీ పకపకా నవ్వాడు. ఖాకీ చొక్కా మనిషికి కూడా నవ్వు వచ్చింది. "ఏ ఊరు పోవాల పెద్దాయనా?" అని నాయనను అడిగాడు. నాయన ఊరి పేరు చెప్పాడు. ఆ మనిషి నవ్వు ఆగిపోయింది. మూట తానే బిగించి ముడి వేసి, ఎత్తి నా నెత్తిన పెట్టాడు. "పోండమ్మా. తొందరగా పోండి," అన్నాడు.

అక్కడి నుంచి కొంత దూరం బండి, తరువాత నడక. రోడ్డు కోసుకుపోయింది. కాలవ గట్టు మీద నడిచాం. రెండు పక్కలా కోతకు వచ్చిన వరి బురదలో పడుకుని ఉంది. తాటిచెట్లు మెడ దగ్గర విరిగి తలలు వేలాడుతున్నాయి. చచ్చిన పశువుల వాసన. ఎండకు ఆరిన చోటల్లా నేల మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. నాయన కొంచెం మట్టి వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని ఉమ్మేశాడు. ఆ నేల ఇప్పట్లో పండదని తెలియడానికి సేద్యం చేసేవాడికి ఆ రుచి చాలు.

ఊరి మొదట్లో గట్టు మీద కొందరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళలో చెల్లెలు ఉంది. నన్ను చూసి పరుగెత్తి రాలేదు. నిలబడినచోటనే ఉండి, దగ్గరికి వచ్చాక అడిగింది.

"అక్కా, రోడ్డు మీద వచ్చినారా, గట్టు మీద వచ్చినారా?"

"రోడ్డు యాడుండాదే. గట్టు మీదనే."

"ఆయన కనపడినాడా?"

నాయన నెత్తి మీది మూట జారి కింద పడింది.

గాలి లేచిన రోజు ఉదయం చెల్లెలి మొగుడు పాడి ఎనుముల్ని తోలుకురావడానికి పోయాడట. పాయకు అవతల ఎత్తు దిబ్బ మీద వాటిని పలుపుతాళ్ళతో కట్టేసి మేపేవారు. మధ్యాహ్నానికి నీళ్ళు వచ్చేశాయి. మూడో రోజున ఆరు ఎనుములు ఈదుకుంటూ ఇంటికి వచ్చాయి. ఆయన రాలేదు. ఊళ్ళో పోయినవాళ్ళలో చాలామంది శవాలు దొరికాయి. ఆయనది దొరకలేదు. మేము పోయేసరికి పంతొమ్మిది రోజులు.

చెల్లెలి నొసట బొట్టు ఉంది. చేతుల గాజులు ఉన్నాయి. నేను వాటిని చూశాను, నా నెత్తి మీది మూట బరువు తెలిసింది.

ఇంటి గోడలు నిలిచాయి, పైకప్పు పెంకులు సగం పోయాయి. దాని అత్త కుక్కిమంచం మీద పడుకుని ఉంది. ఒక్కడే కొడుకు ఆమెకు. మమ్మల్ని చూసి లేచి కూర్చుంది. నేను రెండు మూటలూ మూలకు నెట్టి వాటికి అడ్డంగా కూర్చున్నాను.

"పొద్దున నుంచి ఏమీ తినుండరు మీరు," అంది చెల్లెలు. "బియ్యం తెచ్చినారు కదా, వండతాను."

"ఆ మూటలు ఇప్పుడొద్దు. రాగిపిండి ఉండాది. అంబలి కాస్తాను."

"నాయనకు అన్నం పెట్టాలక్కా." నన్ను పక్కకు జరిపి ముడి పట్టుకుంది. ఖాకీ చొక్కా మనిషి వేసిన ముడి బిగుసుకుపోయింది. పళ్ళతో లాగి విప్పింది. మూట నోరు తెరుచుకుంది.

చెల్లెలు ఆ పచ్చటి బియ్యాన్ని చూస్తూ కూర్చుంది. మాతో లోపలికి వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బొట్టు ఉన్నవాళ్ళకు పోసే బియ్యం అది. తీసుకుంటే మొగుడు బతికి ఉన్నాడని చెప్పుకున్నట్టు. వద్దంటే పోయాడని ఒప్పుకున్నట్టు. పంతొమ్మిది రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ పైకి అనని మాటను నేను మూట కట్టి తెచ్చి నట్టింట్లో పెట్టాను.

"ఏందది?" అంది చెల్లెలి అత్త మంచం మీద నుంచి.

"తప్పయింది అత్తా," అన్నాను. "కంట్రోలోళ్ళు పట్టుకుంటారని కలిపినాను. కడిగేస్తాను. రెండు నీళ్ళు పోస్తే పోతాది."

"నీళ్ళు యాడుండాయి?"

నిజమే. కాలవ పూడిపోయింది, ఇంటి వెనక బావిలో సముద్రం ఉంది. తాగే నీళ్ళు రెండు మైళ్ళ నుంచి తెచ్చుకుంటున్నారు. నీళ్ళున్న ఊరని ఇచ్చిన ఇంట్లో, పసుపు కడగడానికి కడవెడు నీళ్ళు లేవు.

ముసలామె మంచం దిగి వచ్చింది. పిడికెడు బియ్యం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"కడగొద్దు మే," అంది నాతో. "నా కొడుకు పోయినాడని చెప్పేదానికి ఈ ఇంటికి ఎవురన్నా వచ్చినారా? ఎవురూ రాలా. పుట్టింటోళ్ళు పసుపుబియ్యం పట్టుకోనొచ్చినారు. పోయించుకోవాల." కోడలి వైపు తిరిగింది. "లెయ్ మే. ఒడి పట్టు."

చెల్లెలు లేచి తూర్పు ముఖంగా నిలబడి కొంగు పట్టింది. నాయన బయటికి పోయి గాలికి రాలిన కొబ్బరికాయ ఒకటి తెచ్చాడు. తమలపాకు దొరకలేదు. నేను దోసిలితో అయిదుసార్లు పోశాను. చీర ఒకచోట చినిగి ఉంది. గింజలు జారిపోతుంటే అది ఎడమచేత్తో చిరుగును మూసి పట్టుకుంది. నేను దాని చేతుల్నే చూశాను. ముఖం వైపు చూడలేదు.

"ఇది మన ఇంట్లో పోయాల్సింది కదక్కా," అంది మెల్లగా. "అత్తగారింట్లో పోస్తారా?"

"ఇంటికి రా. మళ్ళా పోస్తాను," అన్నాను.

ఒడిబియ్యం ఒక్కరే తినకూడదు, పదిమందికి పెట్టాలి. ఆ ముసలామె ఆ మాట పట్టుకుని రెండు మూటలూ ఊరికి పంచింది. ఆ ఇంటికి రెండు నెలలు వస్తాయని నేను కొలిచి తెచ్చిన బియ్యం అయిదు రోజుల్లో అయిపోయింది. రోజూ ఎవరో ఒకరు గిన్నె పట్టుకుని వచ్చేవారు, ఆమె కోడలి చేత పెట్టించేది. నా కడుపు మండింది. నా పిల్లలకు పెట్టకుండా దాచింది ముక్కూ మొహం తెలియనివాళ్ళకు పోతోందని లోపల లోపల తిట్టుకున్నాను కూడా. కాని వచ్చినవాళ్ళు పచ్చటి అన్నం గిన్నెలో పెట్టించుకుని, చెల్లెలి నొసటి బొట్టు చూసి, "మంచిదమ్మా, వస్తాడు," అని పోతుంటే ఏమనగలను. ఉప్పునీళ్ళు కలిపి వండేవాళ్ళం కాబట్టి ఆ అన్నంలో ఉప్పు వేసే పని ఉండేది కాదు.

ఒక రోజు పక్క ఇంటి పిల్ల వచ్చింది. ఇరవై ఏళ్ళు ఉంటాయి. దాని మొగుడి శవం దొరికింది. గిన్నె పట్టుకుని గుమ్మం బయటనే నిలబడింది. పసుపన్నం అడగలేదు, పోలేదు. ముసలామె ఆ పిల్లను చూసి, నా వైపు చూసింది. నేను లేచి చెల్లెలి కోసం తెచ్చిన రాగిపిండి సంచి మొత్తం ఆ పిల్ల చేతిలో పెట్టాను. చెల్లెలు నాలుగేళ్ళుగా కార్డుల్లో అడిగిన పిండి అది. పెట్టవద్దని చెల్లెలు కూడా అనలేదు.

మెట్ట ఊరివాళ్ళకు బావి పని తెలుసు. నాయనా, నేనూ, చెల్లెలూ కలిసి ఆ బావి తోడడం మొదలుపెట్టాం. తోడి దూరంగా పారబోయడం, ఊట ఊరేదాకా కూర్చోవడం, మళ్ళీ తోడడం. రోజు చివర చెల్లెలు చేద లోంచి దోసిలితో పట్టి రుచి చూసేది. "ఇంకా ఉప్పే," అని ఉమ్మేసేది. చిన్నప్పుడు నా పక్కన నడుస్తూ కడవలో చెయ్యి పెట్టి తాగినట్టే ఉండేది. ఆ ఎనిమిది రోజులూ దాని పక్కన నిలబడి తాడు లాగాను. ఎవరి ఇంట్లో చావు జరిగిందో మరిచిపోయి ఒక్కోసారి ఇద్దరం నవ్వుకున్నాం కూడా. అది నా పక్కన ఉండడం అంత బాగుంది నాకు. అట్లా బాగుందనుకున్నందుకు సిగ్గుపడ్డాను.

తొమ్మిదో రోజు మేము బయలుదేరాలి. ముందు రోజు మధ్యాహ్నం పెరట్లో ముసలామె, నేను పగలని పెంకులు ఏరుతున్నాం. ఆమె తల ఎత్తకుండానే అంది.

"పోయేటప్పుడు ఆ పిల్లని తీసకపో మే."

నాకు అర్థం కాలేదు. "ఒడి పట్టించింది మీరే కదా అత్తా."

"దాని మొకం చూసి పట్టించినా. ఆ పూట ఆ బియ్యం కడగనిచ్చుంటే, అది తెల్లారేదానికి బావిలో ఉండేది. నాకు తెలవదా మే, ఇన్ని దినాలు నీళ్ళల్లో మనిషి ఉంటాడా? దానికి తెలవనీ నిదానంగా. మీ ఇంట్లో తెలవనీ. నేనడిగితే పోదు, నువ్వు అడుగు."

సాయంత్రం బావి దగ్గర అడిగాను. నా జన్మలో ఎవరినీ అట్లా బతిమాలలేదు.

"రావే. నెలో రెండు నెలలో ఉండి వద్దువు. నాయన పెద్దోడైనాడు. నీ కోసమే వచ్చినాడు ఇంత దూరం."

"రానక్కా."

"ఆయన వస్తాడని ఈడ కూసుంటావా?"

అది చేద దించి తాడు చుట్టసాగింది.

"రాడులే అక్కా. ఆ ఎనుముల మెడల్లో పలుపులు తెగలేదు, కోసుండాయి. ఆయనే కోసి వదిలినాడు. వచ్చేవాడైతే ఆ ఎనుము తోక పట్టుకోనైనా వాటితోనే వచ్చేవాడు. నాకు ఆ పొద్దే తెలిసింది."

"మరి ఎందుకే ఒడి పట్టినావు?"

"అత్త పట్టమనింది కదా. ఆమె నమ్మతా ఉండాది. నేను మూట కట్టుకోని నీ వెంట లేసినానంటే ఆమెకు తెలిసిపోతాది. ఆ పూట నుంచి ముద్ద ముట్టదు."

నేను నోరు తెరిచాను. మధ్యాహ్నం విన్న మాట నాలుక చివర ఉంది. ఆ ఒక్క మాట చెబితే చెల్లెలు నా వెంట వస్తుంది. మా ఇంట్లో, నా పక్కన, నా పొయ్యి దగ్గర ఉంటుంది. దాని కోసం నేను ఏదైనా ఇచ్చేదాన్ని. కాని చెబితే ఆ రాత్రికే గాజులు పగలాలి. ముసలామె ఒక్కతే ఆ పెంకులు లేని ఇంట్లో, ఆరు ఎనుములతో మిగలాలి. వాళ్ళిద్దరూ ఒకరి కోసం ఒకరు పట్టుకుని నిలబడిన దాన్ని నేను లాగేస్తే ఎవరు కింద పడతారో నాకు తెలియలేదు. నేనే పసుపు కలిపి తెచ్చాను. తెల్లబియ్యం తెచ్చి ఉంటే వండుకుని తినేవాళ్ళం, నేను రమ్మంటే వచ్చేదేమో.

నోరు మూసుకున్నాను. ముసలామెకు కూడా చెల్లెలి మాట చెప్పలేదు. "అడిగినాను, రానంటా ఉండాది," అని మాత్రం చెప్పాను. ఆమె తల ఊపి, "సరేలే మే. ఉండనీ," అంది. ఆ గొంతులో బాధ ఉంది. బాధతో పాటు ఇంకొకటి కూడా ఉంది, నాకు వినిపించింది. కోడలు వెళ్ళిపోలేదన్న ఊరట.

మరునాడు చెల్లెలు గట్టు తెగినచోటు దాకా మాతో వచ్చింది. నాయన కాళ్ళకు మొక్కింది. నాకు మొక్కబోతే భుజాలు పట్టి లేపాను. దాని భుజాల ఎముకలు నా చేతులకు తగిలాయి. "వేళకు తిను," అన్నాను. మేము కనుమరుగయ్యేదాకా అది అక్కడే నిలబడి ఉంటుందనుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే ఇంటి వైపు నడుస్తోంది. ముసలామెకు ముద్ద పెట్టే పొద్దు అయింది.

గూడూరులో రైలెక్కాం. రైలు కాళహస్తి దాటాక, తిరుపతి కొండలు కనపడుతున్నప్పుడు నాయన అడిగాడు.

"చిన్నది ఏమనింది?"

"ఎండాకాలంలో వస్తాననింది నాయనా," అన్నాను. "బావి బాగయినాక, పైకప్పు ఏసుకోని వస్తాదంట."

"వస్తాదిలే," అన్నాడు నాయన, కిటికీ వైపు తిరిగి.

ఎండాకాలం వచ్చింది. నాయన వెనక గదిలో మంచానికి కొత్త నులక అల్లాడు. ఎవరికని మా ఇంటాయన అడిగితే, ఎవరికో ఒకరికి పనికొస్తుందన్నాడు. మామిడికాయలు దించిన రోజు ఒక గంప పక్కన పెట్టించి గడ్డిలో మాగవేశాడు. అవి పండిపోతుంటే తెచ్చి నా పిల్లలకు పెట్టాడు. సాయంత్రం పూట పాకాల నుంచి బండ్లు వచ్చే వేళకు అరుగు మీద కూర్చునేవాడు. చివరి బండి పోయాక లేచి లోపలికి వచ్చేవాడు. ఆ ఎండాకాలమంతా, ఆ తరువాత ఆయన బతికిన మూడేళ్ళూ, చిన్నది ఎప్పుడు వస్తుందని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.